మూలప్రతి పోయిన మొక్కలు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోను, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలోను పోటీ పరీక్షలకు శ్రమిస్తున్న యువతీయువకులు కంఠస్థం చేసే ప్రశ్నలలో ఒకటి కలదు. తెలంగాణ రాష్ట్ర వృక్షమేది? దాని శాస్త్రీయ నామమేది? జమ్మి, ప్రోసోపిస్ సినరేరియా అని సమాధానం. కాని పాత పాఠ్యగ్రంథాలు తెరిచి చూస్తే అదే జమ్మికి ప్రోసోపిస్ స్పైసిజెరా అని మరొక పేరు కనిపిస్తుంది. చెట్టు మారలేదు, పేరు మారింది. ఎవరు మార్చారు? ఏ అధికారంతో మార్చారు? ఏ ఆధారం చూసి మార్చారు? పరీక్షలో ఈ ప్రశ్నలు రావు గనుక ఎవరూ అడగరు. విద్య అనదగినది ఆ అడగని ప్రశ్నలతోనే మొదలవుతుందని మా అభిప్రాయం.

తెలుగు సాహిత్యం బోధించేవారికి వృక్షశాస్త్రంతో పనేమి అని విజ్ఞులు శంకించవచ్చును. పని ఉన్నది. వేమన స్వహస్తంతో వ్రాసిన ప్రతి మనకు లభించలేదు. మనకున్నవన్నీ ఎవరెవరో వ్రాసుకొన్న ప్రతులే. బ్రౌన్ దొర అట్టి ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ముద్రించాడు. మన నగరంలోనే మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వాన్ని పరిష్కరించి 1940లో వెలుగులోకి తెచ్చారు. మూలప్రతి లేనిచోట, లేదా ఉన్న ప్రతులు ఒకదానితో ఒకటి పొసగనిచోట ఏమి చేయాలన్నది తెలుగు, ఉర్దూ సాహిత్యాలు రెండూ ఎదుర్కొన్న సమస్య. వృక్షశాస్త్రజ్ఞుల సమస్య కూడ అదే. వారి మూలప్రతి తాళపత్రం కాదు, కాగితానికి అంటించిన ఎండు కొమ్మ. భేదమంతే.

ఈ ఎండు కొమ్మ సంగతి కొంత వివరించడం అవసరం. ఒక మొక్కకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ పేరును ఒక నమూనాకు ముడివేస్తారు. పూలు, ఆకులు, వీలైతే కాయలు కలిగిన కొమ్మను ఎండబెట్టి, దళసరి కాగితం మీద అమర్చి, సేకరించినవారి పేరు, స్థలం, తేదీ వ్రాసి భద్రపరుస్తారు. ఇట్టి కాగితాల భాండాగారమే హెర్బేరియం. పేరుకు ఆధారమైన ఆ ఒక్క కాగితాన్ని మూల నమూనా అందాము. వర్ణన ఎంత చక్కగా వ్రాసినా అది మాటల్లోనే ఉంటుంది. రెండు మొక్కలలో ఆ పేరు దేనిదన్న వివాదం వచ్చినప్పుడు తీర్పు చెప్పేది మూల నమూనాయే. మొక్కల నామకరణానికి అంతర్జాతీయ నియమావళి కలదు. 1753లో లినేయస్ ప్రకటించిన గ్రంథం నుండి దాని లెక్క మొదలవుతుంది. ప్రపంచ వృక్షశాస్త్ర మహాసభలలో దానిని సవరిస్తూ ఉంటారు. 2024లో అట్టి మహాసభ మాడ్రిడ్‌లో జరిగింది. 1958 జనవరి 1 నుండి మూల నమూనాను పేర్కొనకుండా ప్రకటించిన కొత్త జాతి పేరు చెల్లదు. అంతకు ముందు ఇట్టి నిర్బంధం లేదు. చిక్కంతా అక్కడ వచ్చింది.

మూలాధారానికి ఎంత బలమున్నదో మన జమ్మియే సాక్ష్యం చెబుతుంది. లినేయస్ 1767లో దీనిని స్పైసిజెరా అన్నాడు. కాని అతడే 1753లో మైమోసా సినరేరియా అని పేరు పెట్టిన మొక్క కూడ ఇదేనని తరువాత తేలింది. ముందు పెట్టిన పేరుకే పెద్దరికం గనుక 1914లో సినరేరియా నిలిచింది. ఇటీవల 2022లో శాస్త్రజ్ఞులు ప్రోసోపిస్ ప్రజాతిని విడదీశారు. మన పొలాల గట్లను, చెరువు శిఖాలను ఆక్రమించిన సర్కారు తుమ్మ కూడ అంతవరకు ఆ ప్రజాతిలోనిదే. అది నెల్టుమా అయినది. జమ్మి మాత్రం ప్రోసోపిస్‌గానే ఉండిపోయింది. ఏలననగా ఆ ప్రజాతికి మూలాధారంగా మొదటినుండి నిలిచిన జాతి జమ్మియే. నల్లతుమ్మకు ఈ అదృష్టం దక్కలేదు. అకేసియా అనే పేరుకు మొదట ఆధారమైన చెట్టు అదే అయినప్పటికీ, 2005లో వియన్నా మహాసభ ఆ ఆధారాన్ని ఆస్ట్రేలియా జాతికి మార్చింది. 2011లో మెల్‌బోర్న్ మహాసభ దానిని ధ్రువపరిచింది. నల్లతుమ్మ నేడు వాచెల్లియా నిలోటికా. ఆధారం ఎక్కడ ఉంటే పేరు అక్కడ ఉంటుందని ఈ రెండు చెట్లూ చెబుతున్నవి.

మరి ఆ ఆధారమే పోతే? పోవుట అరుదు కాదు. 1943 మార్చి ఆరంభంలో బెర్లిన్ నగరం మీద జరిగిన బాంబుదాడిలో అక్కడి హెర్బేరియం అగ్నికి ఆహుతి అయినది. ఉష్ణమండల దేశాల నుండి తెచ్చిన లక్షలాది నమూనాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. 1945లో మనీలాలోని హెర్బేరియానికి కూడ యుద్ధంలో అదే గతి పట్టింది. యుద్ధం లేనిచోట పురుగులు, చెమ్మ, అశ్రద్ధ ఆ పని చేస్తాయి. ఉష్ణమండలపు మొక్కల విషయంలో ఈ నష్టం మరీ తీవ్రం. పోలికలు దగ్గరగా ఉన్న జాతులు ఒకే అడవిలో అనేకం ఉంటాయి. పూత ఒక కాలంలో, కాయ మరొక కాలంలో వస్తుంది. పూత మాత్రమే చూసినవాడు వ్రాసిన రెండు పంక్తుల వర్ణన నాలుగు మొక్కలకు సరిపోతుంది. నమూనా లేనినాడు నాలుగింటిలో అసలుది ఏదో చెప్పడమెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి విదేశాలకు పోనక్కరలేదు. గోదావరి మండలానికి పోతే చాలును. లినేయస్ శిష్యుడైన కోయ్‌నిగ్ దక్షిణదేశంలో మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1781 నుండి సామర్లకోటలో ఉండి, అక్కడ తోట పెంచి, తెలుగునేల మొక్కలను శాస్త్రీయంగా వర్ణించాడు. 1787 మేలో కోరింగ తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, తొలి సేకరణలు ఆ నీటి పాలయ్యాయి. 1908 నాటి మూసీ వరదను మరువలేని మన నగరవాసులకు ఆ నష్టం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను అతడు పని మానలేదు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన అతని గ్రంథం 1795 మొదలు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. ఫ్లోరా ఇండికా అనే అతని బృహద్గ్రంథం సంపూర్ణంగా అచ్చయినది 1832లో, అంటే అతడు మరణించిన 17 సంవత్సరాలకు.

రాక్స్‌బర్గ్ వర్ణించిన జాతులలో అనేకానికి నమూనా దొరకదు. దొరికినవి లండన్, క్యూ, ఎడిన్‌బరో, బ్రసెల్స్ మొదలైన చోట్ల చెల్లాచెదురుగా ఉన్నవి. కాని అతడు ఒక దూరదృష్టి గల పని చేశాడు. భారతీయ చిత్రకారులను నియమించి, బ్రతికి ఉన్న మొక్కను ఎదుట పెట్టుకొని బొమ్మలు వ్రాయించాడు. అట్టివి 2,500కు పైగా కలవు. ఒక ప్రతి కలకత్తాలో నిలిచింది. మరొక ప్రతి లండన్‌కు వెళ్ళి నేడు క్యూ తోటలో ఉన్నది. నమూనా లేనిచోట ఈ బొమ్మలే మూల నమూనా స్థానంలో నిలుస్తున్నవి. సీలీ అనే శాస్త్రజ్ఞుడు 1956లో క్యూలోని బొమ్మల పట్టిక సిద్ధపరచి, ఏ బొమ్మ ఏ వర్ణనకు చెందినదో సరిచూసే దారి చూపాడు. 1997లో ఫోర్మన్ రాక్స్‌బర్గ్ పేర్లకు మూలాధారాలను నిర్ణయించే పద్ధతిని చర్చించాడు. సామర్లకోటలో కుంచె పట్టిన మన దేశీయుల చేతివ్రాత రెండు శతాబ్దాల తరువాత అంతర్జాతీయ వివాదాలలో సాక్ష్యమైనది. కాని ఆ గ్రంథపు ముఖపత్రం మీద వారి పేర్లు లేవు. అనంతర కాలంలో రాబర్ట్ వైట్ తన చిత్రకారులైన రంగయ్య, గోవిందుల పేర్లను బొమ్మల కింద ముద్రించి, గోవిందు పేర ఒక ఆర్కిడ్ ప్రజాతికి నామకరణం కూడ చేశాడు. పని చేసినవాని పేరు వ్రాయడం మర్యాద మాత్రమే కాదు, రేపటి పరిశోధకునికి ఆధారం.

బొమ్మకు తోడుగా రాక్స్‌బర్గ్ మరొక సాక్షిని విడిచివెళ్ళాడు. అది తెలుగు పేరు. స్థానికులు ఆ మొక్కను ఏమని పిలిచేవారో అతడు శ్రద్ధగా వ్రాసుకొన్నాడు. జ్వరానికి వాడే సోమిద చెట్టు బెరడు మీద పరీక్షలు జరిపి ప్రకటించాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఆ చెట్టును ప్రత్యేక ప్రజాతిగా నిర్ణయించినప్పుడు దానికి సోయ్‌మిడా అనే పేరే పెట్టాడు. శేషాచలం కొండలలో పెరిగే షోరియా తుంబుగ్గాయియా పేరులోని రెండవ మాట కూడ తెలుగువారి పిలుపు నుండి పుట్టినదే. బీడీలకు వాడే తునికాకు చెట్టును డయోస్పైరోస్ మెలనోజైలాన్ అని 1795లో లోకానికి పరిచయం చేసినవాడూ ఇతడే. బ్రౌన్ నిఘంటువు తిరగవేసిన విద్యార్థులు మొక్కల పేర్ల పక్కన రాక్స్‌బర్గ్‌ను ఉదహరించిన సంక్షేపాక్షరాలను చూచియే ఉంటారు. నిఘంటుకారుడు వృక్షశాస్త్రం నుండి, వృక్షశాస్త్రజ్ఞుడు జనం నోటి నుండి గ్రహించారు. రెండు విద్యల మధ్య గోడ తరువాత మనం కట్టుకొన్నదే.

అయితే స్థానిక నామం సాక్షియే గాని న్యాయమూర్తి కాదు. ఈ భేదం మరచిన చోట ప్రమాదం కలదు. గుగ్గిలం అనే మాట వేరువేరు చెట్ల జిగురులకు వాడుకలో ఉన్నది. హిమాలయాలలో పెరిగే అసలు చిరాయతాకు బదులు మన మైదానాల నేలవేమును అదే పేరుతో అమ్మడం కలదు. రెండూ చేదే. కాని కుటుంబాలే వేరు. కషాయం త్రాగే రోగికి ఇది నామకరణ వివాదం కాదు, ఆరోగ్య సమస్య. శాస్త్రీయ నామంలోని మాట కూడ నమ్మదగినది కాదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి శాస్త్రీయ నామం గివోటియా మొలుక్కానా. మొలుక్కా దీవులది అని దాని అర్థం. చెట్టు మాత్రం దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను పెరిగేది. కావున పేరు చూచి మొక్కను నిర్ణయించరాదు. మొక్కను చూచి పేరును నిర్ణయించాలి.

మూలం పోయినచోట నియమావళి చూపే మార్గం వరుస క్రమం కలది. పేరు పెట్టినవాడు వాడిన నమూనాలలో గాని, బొమ్మలలో గాని ఏ ఒక్కటి మిగిలినా దానినే ఆధారంగా ఎన్నుకోవాలి. ఏదీ మిగలకపోతేనే కొత్త నమూనాను ఆ స్థానంలో నిలుపవచ్చును. ఎన్నికను అచ్చులో ప్రకటించాలి. నియమబద్ధంగా మొదట ఎన్నుకొన్నవాని నిర్ణయాన్ని తరువాతివారు గౌరవించాలి. అన్నిటికంటె మాకు నచ్చిన నియమం మరొకటి. అంతా నశించినదని భావించి కొత్త నమూనాను నిలిపిన తరువాత, ఏ మూలనో పాత ఆధారం బయటపడితే కొత్తది తప్పుకోవాలి. ఇందులో ఎవరికీ అవమానం లేదు.

ఈ విషయంలో రెండు రకాల తొందరపాటు కనిపిస్తుంది. మూలం దొరకలేదు గనుక ఆ పేరునే కొట్టివేద్దామనేవారు ఒకరు. చేతికందిన కొమ్మను మూలమని ప్రకటిద్దామనేవారు మరొకరు. మొదటిది పూర్వుల శ్రమను పారవేయడం. రెండవది ప్రక్షిప్త పద్యాన్ని వేమన పేర చెలామణి చేయడం. మా మతంలో సరియైన దారి ఒక్కటే. వర్ణన వ్రాసిన స్థలానికి వెళ్ళాలి, ఆ ఋతువులోనే వెళ్ళాలి, పూతను, కాయను రెండింటినీ చూడాలి, ఆ ఊరివారి పిలుపును వినాలి, బొమ్మతో పోల్చాలి. అప్పటికీ సందేహం మిగిలితే సందేహమని వ్రాయాలి. తెలియదని వ్రాసిన పంక్తి, తెలిసినట్లు వ్రాసిన పుటకంటె మేలు.

ఈ రోజులలో ఎండు కొమ్మలెందుకు, చేతిలోని ఫోనుతో ఫోటో తీస్తే చాలదా, డి.ఎన్.ఎ. పరీక్ష ఉన్నది కదా అని విద్యార్థులు అడగవచ్చును. అడగవలసినదే. డి.ఎన్.ఎ. ఒక మొక్కకు మరొక మొక్కతో గల చుట్టరికం చెబుతుంది. వాటిలో ఫలానా పేరు దేనికి చెందునో చెప్పాలంటే ఆ పేరు ముడివేసిన నమూనా కావాలి. పాత ఎండుటాకు నుండి డి.ఎన్.ఎ. తీయడం నేడు సాధ్యం గనుక నమూనా విలువ పెరిగిందే గాని తగ్గలేదు. ఫోటోలో కేసరాలను విడదీసి లెక్కించలేము. 2007 నుండి కొత్త పుష్పజాతికి నమూనాయే ఆధారం కావాలి, బొమ్మ మాత్రమే చాలదని నియమావళి విధించింది. యంత్రాలు వచ్చిన తరువాతనే ఈ నిబంధన గట్టిపడినదని గమనించాలి.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాదు రాజ్యపు అడవి మొక్కల మీద పార్ట్‌రిడ్జ్ 1911లో గ్రంథం ప్రకటించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంగా శాస్త్రాలు బోధించిన రోజులలో సయీదుద్దీన్ గారు ఈ ప్రాంతపు పూల మొక్కలను గురించి వ్యాసాలు వెలువరించారు. అనువాద విభాగం శాస్త్ర పరిభాషను ఉర్దూలో సృష్టించింది. అనంతరం 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి, మన నారాయణగూడకు కూతవేటు దూరంలోని హిమాయత్‌నగర్‌లో, అదే పనిని తెలుగులో చేపట్టింది. ఇంతటి వారసత్వం గల రెండు భాషల కూడలిలో మన కళాశాల ఉన్నది. ఆ వారసత్వానికి తగిన పని మనం చేస్తున్నామా?

చేయడం లేదని చెప్పక తప్పదు. మార్కుల కొరకు హెర్బేరియం కాగితాలను సిద్ధంగా కొనితెచ్చి సమర్పించే అలవాటు పలుచోట్ల పాతుకుపోయింది. దాని మీద స్థలం ఉండదు, తేదీ ఉండదు, ఉన్నా నిజం కాదు. మేమెరిగిన ఒక కళాశాలలో అనేక సంవత్సరాలుగా చేరిన నమూనాలను గది ఖాళీ చేయడానికి చిత్తుకాగితాల కింద తూకం వేసి అమ్మివేశారు. ఉప్పెన రానవసరం లేదు, బాంబు పడనవసరం లేదు. ఒక బీరువా కరువైతే చాలును.

కావున పాలకవర్గం వారికి మా విన్నపం ఇది. తలుపులు బిగువుగా మూతపడే ఒక ఇనుప బీరువాను, సంవత్సరానికి సరిపడ దళసరి కాగితాలను మంజూరు చేయండి. కొన్న నమూనాలకు మార్కులు లేవని శాఖ తరఫున ప్రకటించండి. ప్రతి విద్యార్థి సంవత్సరానికి ఒక్క నమూనా, ఒక్కటే అయినా సత్యమైనది, స్వయంగా తయారుచేస్తే చాలును. పాత వార్తాపత్రికల మధ్య అదిమి, కాగితాలు రోజూ మార్చి, 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల కాగితం మీద అమర్చడం ఎవరైనా నేర్చుకోగల విద్య. నకలు తీయగలిగితే రెండవ ప్రతిని విశ్వవిద్యాలయపు హెర్బేరియానికి ఇవ్వవచ్చును. సామర్లకోట నేర్పిన పాఠం అది. ఒకచోట ఉన్నది పోయినా మరొకచోట ఉన్నది పలుకుతుంది.

విద్యార్థులకు ఒక మాట. దూరపు అడవులకు పోనక్కరలేదు. బతుకమ్మ పండుగకు చిక్కడపల్లి మార్కెట్టుకు వచ్చే తంగేడు, గునుగు చూడండి. మన రాష్ట్ర పుష్పమైన తంగేడుకు నేడు చెల్లుతున్న సెన్నా ఆరిక్యులేటా అనే పేరు రాక్స్‌బర్గ్ కూర్చినదే. అమ్మకు తెచ్చినవారిని అది ఏ ఊరి తంగేడో అడిగి వ్రాసుకోండి. నారాయణగూడ బాటపక్క గోడ పగులులో మొలిచినదానిని, అశోక్‌నగర్‌లో కట్టడం ఇంకా లేవని ఖాళీ జాగాలోని గడ్డిని చూడండి. రేపు అక్కడ భవనం లేస్తుంది. ఆ మొక్క అక్కడ ఉండేదని చెప్పడానికి మీ కాగితం ఒక్కటే మిగలవచ్చును. తోటలలో అనుమతి లేనిదే కొమ్మ విరవకండి, రాలినది చాలును. నాటిన చెట్టయితే నాటినదని వ్రాయండి. చీటీ మీద శాస్త్రీయ నామం తెలియకపోతే ఖాళీ విడవండి. కాని స్థలం, తేదీ, మీ పేరు విడవకండి. ఇంట్లో అమ్మమ్మ తంగేడు అన్నదో, నానీమా తర్వర్ అన్నదో, రెండూ రెండు లిపులలో వ్రాయండి. ఈ పని చేయగల అవకాశం మన వంటి కళాశాలకే కలదు.

శాస్త్రీయ నామాన్ని తరువాత ఎవరైనా సరిదిద్దగలరు. నేడు వ్రాయని స్థలాన్ని, వినని పిలుపును ఎవరూ తిరిగి తేలేరు. మూలప్రతులు పోయిన తరువాత వెతికే పాండిత్యం గొప్పదే. పోకుండ కాపాడే శ్రద్ధ అంతకంటె చౌక, అంతకంటె అవసరం. వచ్చే సంవత్సరపు సంచిక వెలువడే నాటికి ఆ బీరువాలో కనీసం నూరు కాగితాలు ఉండాలని మేము ఆశిస్తున్నాము.